ఎస్టేట్ సేల్‌లో దొరికిన పాత గడ్డం సబ్బు మొహానికి రాయొచ్చా?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పేస్తాను, తర్వాత చదివేవాళ్లకి కూడా అర్థం కావాలి కదా. ఒహాయోలోని కొలంబస్ దగ్గర ఒక ఎస్టేట్ సేల్‌కి వెళ్లారు. ఇంటి పెద్దలు పోయాక సామానంతా బయట పెట్టి అమ్మేస్తారే, అది. అక్కడ మీకు రెండు వస్తువులు దొరికాయి. ఓడ బొమ్మ ఉన్న ఓల్డ్ స్పైస్ మగ్గు, అందులో సగం అరిగిన, గడ్డం గీసుకునే సబ్బు. ఇంకోటి అట్టపెట్టెలో ఎవరూ వాడని విలియమ్స్ మగ్ సోప్ బిళ్ల, అంటే కప్పులో వేసుకుని బ్రష్‌తో నురగ తీసే గడ్డం సబ్బు. విలియమ్స్‌తో గీసుకోబోతే నురగ రెండు నిమిషాల్లో ఎండిపోయింది, మెడ మండింది. ఇంత పాత సబ్బు ప్రమాదమా, నురగ ఎందుకు నిలవలేదు, ఇందులో గొడ్డు కొవ్వు ఉంటుందా, మాది శాకాహార కుటుంబం అని అడిగారు.

నా సంగతి రెండు ముక్కల్లో. సొంతూరు తెనాలి దగ్గర, ఉండేది పెన్సిల్వేనియాలో. పదహారేళ్లుగా బ్రష్, సబ్బుతోనే గీసుకుంటున్నాను. పాత సబ్బులు ఓ ముప్ఫై దాకా వాడి చూశాను, సగం పారేశాను.

కొవ్వు సంగతి ముందు తేల్చేద్దాం, ఎందుకంటే దాని మీదే మిగతా అంతా ఆధారపడి ఉంది. ఉంటుంది. ఆ కాలపు అమెరికన్ గడ్డం సబ్బుల్లో చాలావాటికి ముడిసరుకు టాలోనే. టాలో అంటే ఆవు కొవ్వో గొర్రె కొవ్వో కరిగించి వడగట్టింది. పెట్టె మీద పదార్థాల జాబితా ఉంటే సోడియం టాలోయేట్ అనో పొటాషియం టాలోయేట్ అనో కనిపిస్తుంది. జాబితా లేకపోతే ఉందనే అనుకోండి. మన దేశంలో పరిస్థితి వేరు. గోద్రెజ్ వాళ్లు 1920కి అటూ ఇటూగానే జంతువుల కొవ్వు లేని సబ్బు చేసి, అదే గొప్పగా చెప్పుకుని అమ్మారు. 1983లో వనస్పతిలో గొడ్డు కొవ్వు కలుస్తోందని దేశమంతా పెద్ద గొడవైంది, టాలో దిగుమతిని ప్రభుత్వం ఆపేసింది. అందుకే మనం ఇండియాలో వాడి పెరిగిన సబ్బుల్లో ఈ ప్రశ్నే రాలేదు. ఇక్కడ వస్తుంది. ఇంట్లో అమ్మగారికో ఆవిడకో ఇబ్బంది అనిపిస్తే మగ్గు కడిగి ఉంచుకుని సబ్బు ఎవరికైనా ఇచ్చేయండి. దాచిపెట్టి వాడొద్దు, తర్వాత తెలిస్తే సబ్బు గొడవ కాస్తా నమ్మకం గొడవ అవుతుంది. (మా ఇంట్లో జరిగింది. వివరాలు అడక్కండి.)

మీకు అభ్యంతరం లేకపోతే మిగతాది చదవండి.

ఇప్పుడు అసలు సంగతి. మంచి గడ్డం సబ్బు యాభై ఏళ్లకి కూడా సులువుగా చెడిపోదు, కానీ ఎండిపోతుంది. మీకు నురగ రాకపోవడానికి నూటికి తొంభై పాళ్లు కారణం అదే. పాత సబ్బు బాగాలేదు అని రాసేవాళ్లలో చాలామంది దానికి కావలసినంత నీళ్లు, టైమ్ ఇవ్వకుండానే తీర్పు చెప్పేస్తారు.

ఎందుకు చెడిపోదో చెబుతాను. సబ్బు అంటే కొవ్వూ క్షారమూ కలిసి తయారయ్యేది. ఒంటి సబ్బుకి కాస్టిక్ సోడా వాడతారు, అందుకే గట్టిగా ఉంటుంది. గడ్డం సబ్బులో దాంతో పాటు కాస్టిక్ పొటాష్ కూడా పడుతుంది, అది సబ్బుని మెత్తబరుస్తుంది, త్వరగా కరిగేలా చేస్తుంది. ఇంకో తేడా, గడ్డం సబ్బులో స్టియరిక్ యాసిడ్ అనే కొవ్వు ఆమ్లం శాతం ఎక్కువ. నురగ చిక్కగా, చాలాసేపు నిలిచేది దానివల్లే. కొబ్బరి నూనె బుడగలు తెప్పిస్తుంది, స్టియరిక్ వాటిని నిలబెడుతుంది. ఈ స్టియరిక్‌ది, కొబ్బరి నూనెదీ ఒకే గుణం, గాలి తగిలినా అంత తేలిగ్గా ముక్కిపోవు. ముక్కిపోయేది టాలోలో ఉండే ఒలియిక్ లాంటి కొవ్వులు. టాలోలో అవి దాదాపు నలభై శాతం ఉంటాయి. కాబట్టి చెడితే ఆ భాగమే చెడుతుంది, అది కంటికీ ముక్కుకీ తెలిసిపోతుంది.

ఎలా తెలుస్తుందంటారా. బిళ్లని కిటికీ దగ్గర వెలుతురులో తిప్పి చూడండి. నారింజ రంగు మచ్చలు, తడి తడిగా నూనె చెమట పట్టినట్టు ఉంటే అది ముక్కిపోయినట్టు. తెల్లగా బూజులా కనిపించే పొడి మాత్రం చాలాసార్లు బూజు కాదు, పైకి తేలిన లవణం, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. పోకుండా నల్లగానో పచ్చగానో మరకలుంటే అట్టపెట్టె తడిసి బూజు పట్టిందని అర్థం. పగుళ్లని పట్టించుకోవద్దు, ఎండిన చెరువు అడుగులా ఉన్నా సరే, అది నీళ్లు పోవడం వల్ల వచ్చిందే.

తర్వాత వాసన. పై పొర వాసన నమ్మొద్దు, అట్ట వాసన, ట్రంకుపెట్టె వాసన పట్టి ఉంటుంది. కూరగాయల కత్తితో పైన ఒక మిల్లీమీటరు చెక్కేసి, లోపల వాసన చూడండి. ఆరు నెలలు మూల పడిన నూనె డబ్బా మూత తీస్తే ఒక వాసన వస్తుంది చూశారా, ముక్కు వెనక్కి లాగేది, అది వస్తే పారేయండి. ఏ వాసనా లేకపోతే మంచిదే. నిమ్మ, లావెండర్ లాంటి తేలిక వాసనలు ముందు ఎగిరిపోతాయి, లవంగం, దాల్చిన చెక్క, వెనిలా లాంటివి ఏళ్ల తరబడి ఉంటాయి. అందుకే పాత యార్డ్లీ లావెండర్ బిళ్ల మూగగా ఉంటుంది, పాత ఓల్డ్ స్పైస్ మగ్గు మూత తీస్తే బిర్యానీ మసాలా డబ్బా గుర్తొస్తుంది.

ఎంత పాతదో తెలుసుకోవడం సరదాకి మాత్రమే కాదు, జాగ్రత్త పడ్డానికి కూడా పనికొస్తుంది. పెట్టె మీద అడ్రసులో అయిదంకెల జిప్ కోడ్ (మన పిన్ కోడ్ లాంటిది) ఉంటే 1963 జూలై తర్వాతది, అప్పుడే అది మొదలైంది. బార్ కోడ్ ఉంటే 1974 తర్వాతది. ఆ సంవత్సరం జూన్ 26న మీ ఒహాయోలోనే, ట్రాయ్ అనే ఊళ్లో ఒక సూపర్ మార్కెట్‌లో చూయింగ్ గమ్ ప్యాకెట్ మీద మొదటిసారి బార్ కోడ్ స్కాన్ చేశారు. పదార్థాల జాబితా ఉంటే దాదాపుగా 1977 తర్వాతది, కాస్మెటిక్స్ మీద అది తప్పనిసరి చేసింది అప్పుడే. మూడూ లేకపోతే మీ తాతగారి వయసుది అయి ఉండొచ్చు. విలియమ్స్ కంపెనీ 1840 నాటిది, కనెక్టికట్‌లో పుట్టింది, తర్వాత గ్లాస్టన్‌బరీకి మారింది, మొదట యాంకీ సోప్ అనే పేరుతో అమ్మేవాళ్లు. అమెరికాలో రెండు మూడు తరాల మగవాళ్లు కప్పులో వేసుకుని వాడింది ఈ బిళ్లనే.

మగ్గు సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఓల్డ్ స్పైస్ పెట్టినవాళ్లు షుల్టన్ కంపెనీ, 1934లో విలియం లైట్‌ఫుట్ షుల్ట్జ్ మొదలుపెట్టాడు. 1937లో వచ్చిన మొదటి సరుకు ఆడవాళ్లది, మగవాళ్లది 1938లో. ఆ తొలి ఏళ్లలో, 1944 దాకా, మగ్గులూ సీసాలూ చేసి ఇచ్చింది హల్ పాటరీ. అది ఉన్నది క్రూక్స్‌విల్‌లో, మీ కొలంబస్ నుంచి కారులో గంట పైచిలుకు. 1950లో ఆ ఊరికి వరదొచ్చింది, నీళ్లు మండుతున్న కొలిమికి తగిలి ఫ్యాక్టరీ తగలబడిపోయింది. వరదతో తగలబడిన ఫ్యాక్టరీ గురించి నేను విన్నది అదొక్కటే. తర్వాత కాలం మగ్గుల్లో చాలావరకు పాల రంగు గాజువి. తేడా తెలియాలంటే మగ్గు ఖాళీ చేసి లోపల ఫోన్ టార్చ్ పెట్టండి. వెలుతురు బయటికి పాలలా పరుచుకుంటే గాజు, అసలు రాకపోతే పింగాణీ.

ప్రమాదం గురించి భయపడాల్సింది పాత సబ్బు గురించి కాదు, దాంట్లో కలిపిన మందుల గురించి. 1950లు, 60ల్లో క్రిములని చంపుతుందని సబ్బుల్లో రకరకాల రసాయనాలు వేసేవారు. వాటిలో బిథియోనాల్ అనేది ఎండ తగిలితే చర్మాన్ని దెబ్బతీస్తోందని తేలి, అమెరికాలో 1967లో కాస్మెటిక్స్‌లో వాడకం నిషేధించారు. హెక్సాక్లోరోఫీన్ మీద 1972లో ఆంక్షలు పెట్టారు. కాబట్టి పెట్టె మీద మెడికేటెడ్, యాంటీసెప్టిక్ లాంటి మాటలుంటే నా సలహా, అలమారలో అందంగా పెట్టుకోండి, మొహానికి వద్దు. సువాసనల్లోనూ ఒకటుంది, మస్క్ ఆంబ్రెట్ అని. ఆఫ్టర్ షేవ్‌లలో తెగ వాడేవాళ్లు, రాసుకుని ఎండలోకి వెళితే కొందరికి దద్దుర్లు వచ్చేవి, తర్వాత దాన్ని పక్కన పెట్టేశారు.

ఇది నాకు పుస్తకం చదివి తెలియలేదు. ఓసారి పాత సామాను దుకాణంలో పేరు సగం చెరిగిపోయిన రేకు డబ్బా కొన్నాను, అందులో మెత్తటి సబ్బు, వాసన అద్భుతం. పొద్దున గీసుకుని పిల్లల సాకర్ మ్యాచ్‌కి వెళ్లి మూడు గంటలు ఎండలో నిలబడ్డాను. సాయంత్రానికి చెంపల మీద బ్రష్ తిరిగిన మేరకి ఎర్రటి పటం గీసినట్టు అయింది. పది రోజులు పట్టింది తగ్గడానికి. అందులో ఏముందో ఈనాటికీ తెలియదు, జాబితా ఉంటే కదా. అప్పట్నుంచి నాకు రెండు నియమాలు. పేరు తెలియని సబ్బు మొహానికి రాయను. తెలిసినదైనా ముందు చేతికి రాసి చూస్తాను.

చేతికి రాయడం అంటే ఒక్కసారి సబ్బు రుద్ది కడగడం కాదు. నురగ చేసి మోచేతి లోపలి వైపు రూపాయి బిళ్లంత మేర రాసి, అయిదు నిమిషాలు ఉంచి కడిగేయండి. మర్నాడు అదే చోట మళ్లీ. మూడో రోజుకి ఎరుపూ దురదా లేకపోతే గడ్డానికి వెళ్లొచ్చు. ముందే చర్మానికి అలెర్జీ ఉన్నవాళ్లు, డాక్టర్ దగ్గర మందు వాడుతున్నవాళ్లు అసలు ఈ సరదా జోలికి రావద్దు. మీ మెడ మంట మాత్రం అలెర్జీ అని నాకు అనిపించడం లేదు. ఎండిన నురగ మీద బ్లేడు నడిపితే ఎవరికైనా మండుతుంది. అనుమానం ఉంటే బ్లేడు లేకుండా నురగ మాత్రం మెడకి పట్టించి, మూడు నిమిషాలు ఉంచి కడిగి చూడండి. మంట లేదంటే తప్పు సబ్బుది కాదు.

ఇక నురగ. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, మీ విలియమ్స్‌కి ఇదే కావాలి.

రాత్రి పడుకునే ముందు బిళ్లని కప్పులో పెట్టి, పైన చెక్కిన వైపు రెండు చెంచాల వేడి నీళ్లు పోయండి. మరిగేవి వద్దు, వేలు పెట్టగలిగేంత వేడి చాలు. మొదటిసారి మాత్రమే రాత్రంతా. పొద్దున చూస్తే పైన జిగురుగా, పలచటి జెల్లీ లాంటి పొర తేలి ఉంటుంది. ఆ నీళ్లు పారబోయకండి, మొహానికి రాసుకోండి. గడ్డం నానడానికి అంతకంటే మంచిది లేదు. పొద్దున కూడా బిళ్ల రాయిలాగే ఉంటే ఇంకో దారి ఉంది. కొబ్బరి తురిమినట్టు తురిమేసి, చుక్క చుక్కగా వేడి నీళ్లు చిలకరిస్తూ వేళ్లతో కప్పు అడుక్కి అదమండి. పూరీ పిండి అంత గట్టిగా రావాలి. ఒక రోజు ఆరనిస్తే బిళ్ల మళ్లీ కుదురుకుంటుంది. ఈ పద్ధతిలో సబ్బు పైకి ఎక్కువ తేలుతుంది, బ్రష్‌కి త్వరగా అందుతుంది. ఓల్డ్ స్పైస్ బిళ్లని మాత్రం తురమకండి, అది సగం వాడిందే కాబట్టి పైన చెక్కితే చాలు. ఒకవేళ ఎప్పుడైనా ముట్టుకోనిది, ముద్ర చెదరనిది దొరికితే దాన్ని ఎవరైనా సేకరించేవాళ్లకి ఇచ్చి, ఆ డబ్బుతో నాలుగు కొత్త సబ్బులు కొనుక్కోండి.

బ్రష్‌ని గోరువెచ్చటి నీళ్లలో ముంచి, తీసి, రెండుసార్లు గట్టిగా విదిలించండి. చుక్కలు కారకూడదు. ఇప్పుడు బిళ్ల మీద గుండ్రంగా తిప్పండి. కొత్త సబ్బుకి ఇరవై సెకన్లు చాలు, పాతదానికి నిమిషం. నిమిషం అంటే నిజంగా నిమిషం, గడియారం చూసుకోండి. మొదట పెద్ద పెద్ద బుడగలు వస్తాయి, అవి ఉత్త నీళ్లు. తిప్పుతూనే ఉండండి. నలభై సెకన్ల దగ్గర శబ్దం మారుతుంది. చప్పరింపు శబ్దం పోయి, రుబ్బురోలు మీద పిండి మెదిగేటప్పుడు వచ్చే మెత్తటి శబ్దం వస్తుంది. బ్రష్ కొసలకి గోడకి కొట్టే సున్నంలా చిక్కటి ముద్ద పడుతుంది. అది పడే దాకా మొహం దగ్గరికి రావద్దు. మీరు మొదటిసారి ఇక్కడే తొందరపడి ఉంటారు.

తర్వాత మొహం మీదే నురగ చేయండి, లేదా వేరే గిన్నెలో. కొత్తలో గిన్నె మేలు, కళ్లకి కనిపిస్తుంది. బ్రష్ కొసల్ని నీళ్లలో ఇలా తాకించి అలా తీయండి, పది పదిహేను సెకన్లు కలపండి. మళ్లీ తాకించండి. ఆరు, ఏడు సార్లు చేయాలి. మూడో సారికే నురగ గుబురుగా, షేవింగ్ క్రీమ్ ప్రకటనలో చూపించినట్టు పొంగుతుంది. అందరూ అక్కడ ఆగిపోతారు. అది ఎండు నురగ, చూడ్డానికి బాగుంటుంది, బ్లేడుకి పనికిరాదు. ఇంకా నీళ్లు కలపండి. పొంగు కాస్త తగ్గుతుంది, బుడగలు కనిపించకుండా పోతాయి, పైన మెరుపు వస్తుంది. గడ్డ పెరుగుని గరిటెతో చిలికినప్పుడు తేలే మెరుపు, అచ్చం అదే. చెంచా వెనక్కి తిప్పితే కారకుండా, మెల్లిగా జారాలి. బొటనవేలూ చూపుడువేలూ మధ్య రుద్దితే వేళ్లు నిలవకుండా జారిపోవాలి. గీసుకునేటప్పుడు మీకు కాపలా ఆ జారుడే. ఎత్తుగా ఉన్న నురగ ఉత్త అలంకారం.

విలియమ్స్‌కి నా లెక్కలో మామూలు సబ్బు కంటే ఒకటిన్నర రెట్లు నీళ్లు కావాలి. ఓల్డ్ స్పైస్ అంత మొండిది కాదు. నాకు నచ్చిన పాత సబ్బుల్లో అది మొదటిది కాకపోయినా, మర్యాదగా పనిచేసే సబ్బు.

ఇంత చేసినా నురగ రాకుండా మగ్గు అంచుకి పెరుగు విరిగినట్టు తెల్లటి ముక్కలు అంటుకుంటే సబ్బుని తిట్టకండి, నీళ్లు చూడండి. బోరు నీళ్లలాంటి గట్టి నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి నీళ్లలో కరగని పదార్థం తయారవుతుంది, అదే ఆ విరుగుడు. నిరుడు సంక్రాంతికి వెళ్లినప్పుడు మియాపూర్‌లో మా బావగారి ఫ్లాట్‌లో బోరు నీళ్లతో నేను గంట పాటు బ్రష్ తిప్పాను, వచ్చింది మజ్జిగ తేట. మా బావగారు వెనక నిలబడి "ఇంత కష్టపడి గీసుకునే బదులు గడ్డం పెంచుకోవచ్చుగా" అన్నారు. వంటింట్లో ఆర్వో నీళ్లు ఒక గ్లాసు తెచ్చుకుని మళ్లీ మొదలుపెడితే రెండు నిమిషాల్లో నురగ వచ్చింది. తాగే నీళ్లలో కాఠిన్యం, అంటే ఈ కాల్షియం, మెగ్నీషియం మోతాదు, లీటరుకి 200 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిదని, వేరే దారి లేకపోతే 600 దాకా పర్వాలేదని మన భారతీయ ప్రమాణాల్లో ఉంది. గడ్డం సబ్బుకి అంతకంటే తక్కువలోనే తేడా తెలుస్తుంది. ఇప్పటి సబ్బుల్లో చాలావాటిలో ఈ కాల్షియాన్ని పట్టి ఉంచే ఈడీటీఏ లాంటిది కలుపుతారు, అందుకే మనకి ఈ గొడవ తెలియదు. పాతవాటిలో అది ఉంటుందని నమ్మకం పెట్టుకోకండి. కాచి చల్లార్చడం వల్ల కాఠిన్యం కొంత తగ్గుతుంది, మొత్తం పోదు. మీరు గ్రోసరీలో గ్యాలన్ డిస్టిల్డ్ వాటర్ కొని ఒకసారి దాంతో చేసి చూడండి. నురగ బాగా వస్తే మీ కుళాయిదే తప్పు, రాకపోతే తప్పు బ్రష్ తిప్పేవాళ్లది.

బ్రష్ అన్నాను కాబట్టి ఒక మాట. ఆ సేల్‌లో పాత బ్రష్ కూడా ఉందని రాశారు, అది తీసుకోనందుకు సంతోషం. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో మంచి వెంట్రుక దొరక్క గుర్రం వెంట్రుకలతో చౌక బ్రష్‌లు చేసేవారు, సరిగ్గా శుద్ధి చేయకపోవడంతో వాటి వల్ల సైనికులకీ మామూలు జనానికీ మొహం మీద ఆంత్రాక్స్ అనే ప్రాణాంతకమైన జబ్బు వచ్చింది. మీరు చూసిన బ్రష్‌కి ఆ ప్రమాదం ఉండే అవకాశం చాలా తక్కువే. అయినా పది, పదిహేను డాలర్లకి కొత్త సింథటిక్ బ్రష్ వస్తుంటే ఎవరిదో తెలియని వెంట్రుకలు మొహానికి ఎందుకు. పైగా పాత సబ్బుకి సింథటిక్ బాగా సరిపోతుంది, నీళ్లు తాగేయదు, సబ్బు మింగేయదు.

పాత బ్లేడ్లు కూడా అంతే, పెట్టె అందంగా ఉంటుంది, ఉంచుకోండి. స్టెయిన్‌లెస్ బ్లేడు వాడకంలోకి వచ్చింది 1960ల్లోనే, అంతకు ముందువి కార్బన్ స్టీలువి, తుప్పు తినేసి ఉంటాయి. కొత్త సబ్బు పరీక్షించే రోజు బ్లేడు మీకు అలవాటైనదే ఉండాలి. సబ్బూ కొత్తదై బ్లేడూ కొత్తదైతే కోసుకున్నప్పుడు ఎవరిని తిట్టాలో తెలియదు. వెంట్రుక వాలు వైపు ఒక్కసారి గీసి ఆపేయండి, మొదటి రోజు నున్నగా రావాలన్న పట్టుదల వద్దు.

చివర చన్నీళ్లు, తర్వాత పటిక. ఇండియన్ స్టోర్‌లో దొరుకుతుంది, దిష్టికి గుమ్మానికి కట్టడానికి కొనుక్కెళ్తారు కదా, అదే. మా ఊళ్లో మంగలాయన పొదిలోంచి తీసే ఆఖరి వస్తువు పటిక ముక్కే. తడిపి మెడకి, చెంపలకి రాసి, నిమిషం ఆగి కడిగేయండి. ఎక్కడ చురుక్కుమంటే అక్కడ గట్టిగా నొక్కారన్నమాట. నా దృష్టిలో అంత నిజాయితీగా మార్కులు వేసే మాస్టారు ఇంకొకరు లేరు.

ఇంత శ్రమకి తగ్గ ఫలితం ఉంటుందా అని మీరు అడగలేదు గానీ అడిగినట్టే చెబుతాను. పాత టాలో సబ్బులో నిజంగా బాగుండేది గీసుకున్నాక చర్మం బిగుసుకుపోకుండా ఉండడం. అది నేను ఒప్పుకుంటాను. కానీ పాతది కాబట్టి గొప్పది అనే మాట మాత్రం సగం జ్ఞాపకాల మహిమ. విలియమ్స్‌నే తీసుకోండి, పాత బిళ్లకీ తర్వాతి కాలంలో వచ్చిన బిళ్లకీ చాలా తేడా ఉంది, పాతదే మేలు. అయినా ఈరోజు దొరికే మంచి సబ్బుల ముందు అదేమీ అద్భుతం కాదు. జర్మనీ నుంచి వచ్చే టబాక్ సబ్బులో ఈమధ్య టాలో తీసేశారు, దాంతో పాత సరుకు కోసం వేట మొదలైంది. అలా వేటాడేవాళ్లని చూసి ధరలు పెంచేవాళ్లున్నారు. నేనైతే వాడుకోవడానికి కొనే పాత సబ్బుకి కొత్త సబ్బు ధర కంటే రెండింతలు మించి పెట్టను. జంతువుల కొవ్వు లేనిది కావాలంటే ఇండియా నుంచి ఎవరైనా వస్తుంటే గోద్రెజ్ లాంటి మన గుండ్రటి గడ్డం సబ్బు తెప్పించుకోండి. గట్టి సబ్బు కాబట్టి చేతి బ్యాగులోనూ పెట్టుకోవచ్చు.

వాడాక బిళ్ల మీద మిగిలిన నురగ కడిగేసి, మగ్గుని మూత లేకుండా ఆరనివ్వండి. తడిగా ఉండగా మూత పెడితే ఇన్నేళ్లు నిలిచిన సబ్బుకి వారంలో బూజు పడుతుంది.

ముందు మోచేతి పరీక్ష మొదలుపెట్టండి. ఆదివారానికి గీసుకోవచ్చు. ఈలోపు మగ్గు అడుగున ఏం రాసి ఉందో, ఓడ కింద దాని పేరు గ్రాండ్ టర్క్ అని ఉందో ఫ్రెండ్‌షిప్ అని ఉందో, టార్చ్ పెడితే వెలుతురు వచ్చిందో లేదో చూసి చెప్పండి. పింగాణీది అయితే నాకు కాస్త అసూయ.